పచ్చగైనంక

మొదటిసారి రంగు వేసిన పొద్దున అది ఒక్క పేరుతో ఆగలేదు. చక్కెర మిల్లు కంప్యూటర్ గదిలో కూర్చుని జయరాజ్ ఒక్క బండి పేరు మాత్రం ఎర్రగా రావాలని రాస్తే, దాని కింది పేర్లన్నీ ఎర్రబడ్డాయి. చందూర్ బండ్లు, వర్ని బండ్లు, బోధన్ దారి ట్రాక్టర్లు, ఆఖరికి అంతా అయిపోయాక తరువాతి ఆదేశం కోసం మిణుకుమంటూ కూర్చునే చిన్న గీత కూడా ఎర్రబడింది. తట్టు పోసిన పిల్లవాడి ఒళ్లులా ఉంది తెర.

తప్పు ఎక్కడుందో అతనికి వెంటనే తెలిసింది. అది చిన్న షెల్ స్క్రిప్టు. వరుసగా కొన్ని ఆదేశాలు రాసి పెట్టుకున్న ఫైలు. యార్డులోకి ఏ బండి ఎప్పుడొచ్చిందో, అందులోని చెరుకు కోసి ఎంతసేపయిందో చూసి, బండ్లను తూచే కాంటా గదిలో ఉన్న తెర మీద రైతుల పేర్లు వేయడం దాని పని. పేరుకు ముందు ఎస్కేప్ గుర్తు, ఒక బ్రాకెట్టు, ముప్పై ఒకటి పెడితే ఎరుపు మొదలవుతుంది. పేరు అయ్యాక మళ్లీ అదే గుర్తుతో సున్నా పెట్టాలి. పెట్టకపోతే రంగు ఆగదు, ఒకరిది ఇంకొకరికి అంటుకుంటూ పోతుంది. జయరాజ్ సున్నా చేర్చాడు. ఎరుపు ఒక్క పేరు మీదనే నిలిచింది. మిగతావాళ్లు మళ్లీ తెల్లగా, క్షేమంగా కనబడ్డారు. అతను తనలో తను కొంచెం నవ్వుకున్నాడు. భార్య శారమ్మ పోయినప్పటి నుంచి అతనికి నవ్వొచ్చేది ఇలాంటి వాటికే.

ఈ రంగుల పని ఎవరూ చెప్పింది కాదు. కాంటా గదిలో లింగం తెర చదవడానికి పడే అవస్థ చూసి అతనే మొదలుపెట్టాడు. లింగానికి చత్వారం వచ్చింది. ఇంగ్లీషు అక్షరాలు అతనికి చదువులా కాకుండా బొమ్మల్లా తెలుసు. గాజు మీద వేలు పెట్టి, ఒక్కో పేరూ పెదాలతో కూడబలుక్కుంటూ, ఏ బండి లోపలికి పోవాలో, ఏది ఆగాలో వెతుక్కునేసరికి బయట ఎడ్లు కాడి కింద మెడలు విదిలించేవి. రంగు ఉంటే వేలితో పని లేదు, చూడగానే తెలుస్తుంది. స్టోరులో మూలనపడ్డ కలర్ మానిటర్ ఒకటి అడిగి తెచ్చి, జయరాజ్ దాన్ని కాంటా గదిలో పెట్టించాడు.

మూడు రంగులు అనుకున్నాడు. కోసిన రోజే వచ్చిన తాజా చెరుకుకు ముప్పై రెండు, ఆకుపచ్చ. బండి నేరుగా కాంటా ఎక్కవచ్చు. కోసి ఒక రోజు దాటితే ముప్పై మూడు, పసుపు. ఫీల్డు మనిషి వచ్చి ఎంత ఎండిందో చూసేదాకా ఆగాలి, ఎండినదానికి తూకంలో కోత పడుతుంది. మరీ వాడిపోతే ఎరుపు. బండి వెనక్కి పోవాల్సిందే.

ముప్పై మూడు దగ్గర అతని చెయ్యి ఆగింది. అయినా కొట్టాడు. తెర మీద పసుపు రాలేదు, మట్టిరంగు వచ్చింది. పాత మానిటర్లలో అంతే. అతనికి ఒకవిధంగా హాయిగానే అనిపించింది.

వెనక నిలబడి చూస్తున్న చెరుకు ఆఫీసరు రామకోటేశ్వరరావుకు మాత్రం అది నచ్చలేదు. కాలువ నీళ్లు చూసి తెనాలి వైపు నుంచి తాతల నాడు బోధన్ చేరిన కుటుంబం ఆయనది. మనిషి కోపిష్టి కాడు, తొందర మనిషి.

"ఇదేం రంగయ్యా, పాకం మాడినట్టు? పసుపు రాదా?"

"వస్తది సార్. ముందు ఒకటి చేర్చాలె. అప్పుడు అక్షరం గట్టిపడి మెరుస్తది."

"మరి చేర్చవేం?"

జయరాజ్ ముప్పై మూడుకు ముందు ఒకటి చేర్చాడు. తెర మీద నిండు పసుపు వెలిగింది. అతను చూపు తిప్పుకున్నాడు.

పోయిన వానాకాలంలో శారమ్మ కళ్లలో ఆ రంగు మొదటిసారి చూసినప్పుడు అతను, "కండ్లేంది గట్లున్నయి?" అని అడిగాడు. "బల్బు వెలుతురు," అంది ఆమె, అన్నం వార్చుకుంటూ. "కొత్తది పెట్టినవు గద, గోడ కూడ గట్లనే కొడ్తున్నది సూడు." అతను గోడ చూశాడు. గోడ కూడా అలాగే ఉంది. ఆ మాట నమ్మడం ఇద్దరికీ సుఖంగా ఉండింది. పగటి వెలుతురులో మళ్లీ చూసుకునేసరికి ఆ రంగు గోళ్లలోకి దిగిపోయింది.

రామకోటేశ్వరరావు ఇంటర్‌కం ఎత్తి కాంటా గదికి ఫోను కలిపాడు. "లింగం! ఇదిగో, ఇవాళ్టి నుంచి తెర మీద రంగులొస్తాయి. వెతుక్కునే పన్లేదు. పచ్చగా వస్తే లోపలికి వదులు. ఎర్రగా వస్తే వెనక్కి పంపు. మిగతావి ఆపు. అర్థమైందా? ఏదీ, చెప్పు."

అవతల లింగం గొంతు గట్టిగా, జయరాజ్‌కు కూడా వినబడేలా పలికింది. "పచ్చగొస్తే లోపటికి, ఎర్రగొస్తే ఎన్కకు, మిగిలినయి ఆపుడు. సమజైంది సారు."

"చూశావా, అరనిమిషంలో అయిపోయింది," అని ఆఫీసరు ఫోను పెట్టేశాడు.

*

మర్నాడు పొద్దున జయరాజ్ సైకిల్ మీద గేటు దాటుతుంటే, వరుసలో నిలిచిన బండి పక్క నుంచి ఒక ముసలామె పిలిచింది.

"ఓ సారూ, నువ్వు ఆ మిషిన్ కాడ కూసునేటాయనవే గదా? జర నా పేరు అచ్చిందో లేదో సూడరాదు? గంగవ్వ, చందూర్."

ఆమె గోనె సంచి ఒకటి బొక్కెనలో ముంచి, పిండకుండానే చెరుకు మోపుల మీద పరుస్తోంది. ఒక సంచి పరవగానే రెండోది ముంచుతోంది. పరిచాక అరచేత్తో దాన్ని అద్దుతోంది, జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద తడిగుడ్డ అద్దినట్టు. పక్క బండి మనిషి నవ్వాడు.

"గంగవ్వా, చెరుకుకు స్నానం జేపిస్తున్నవా, నలుగు వెడ్తున్నవా?"

"నీ నోట్ల మన్నువడ. నీ చెరుకు లెక్క కట్టెల మోపు కావద్దనే గీ తిప్పలు." ఆమె జయరాజ్ వైపు తిరిగింది. "నిన్న పొద్దుగాల కోసుకొని నిన్ననే అచ్చిన బిడ్డ. గీ బండి గిట్ల ఎన్కకు పోయిందంటే పేరు గొట్టేస్తరట. వచ్చే యేడు కోత ఆర్డరియ్యరట. కౌలుకిచ్చిన పటేలు మొన్ననే అన్నడు, మిల్లు పేరు గొడ్తే భూమి ఇంకొకలకిస్తనని. గా చెక్క తప్ప నాకేమున్నది?"

"నిన్న వచ్చినవా? మరి నిన్ననే పోవాలె గదవ్వా లోపలికి?"

"ఆగుమన్నడు లింగం."

రద్దీ ఎక్కువైందేమో అనుకున్నాడు జయరాజ్. "ఇయ్యాల పోతవు తీయ్," అని చెప్పి గదికి వచ్చాడు. తెర తెరిస్తే గంగవ్వ పేరు ఇంకా ఆకుపచ్చగానే ఉంది. అతనికి నెమ్మది కలిగింది. మధ్యాహ్నం తరువాత చూస్తే ఆ పేరు పసుపు తిరిగింది. సాయంత్రం ఇంటికి పోతుంటే ఆమె బండి మూరెడు కూడా కదలకుండా అక్కడే ఉంది. మిల్లులో బాయిలరు ట్యూబు పగిలి క్రషింగ్ ఆగిందని, కాంటా కూడా ఆపేశారని వరుసలోవాళ్లు చెప్పారు. గంగవ్వ సంచులు తడుపుతూ అతన్ని ఒకసారి చూసింది, అంతే.

ఆ మరుసటి రోజు పొద్దెక్కాక మిల్లు మళ్లీ నడిచింది. అయినా తెర మీద పసుపు తగ్గలేదు. ఒక పేరు పోతే రెండు పేర్లు పసుపు ఎక్కుతున్నాయి. ఆకుపచ్చగా వచ్చిన ప్రతి పేరూ అలాగే నిలబడి, నిలబడి, పసుపు తిరిగి, ఆ తరువాతే మాయమవుతోంది. జయరాజ్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. పై నుంచి కిందికి, పేరు తరువాత పేరు, ఆ రంగు మెల్లగా దిగుతోంది. ఎంత మెల్లగా అంటే, చూస్తున్నంతసేపూ దిగుతున్నట్టు ఉండదు. చూపు తిప్పి మళ్లీ చూస్తే దిగి ఉంటుంది.

సున్నా మరిచానేమో అనుకుని స్క్రిప్టు తెరిచాడు. ప్రతి పేరు వెనకా సున్నా ఉంది. గడియారం తప్పిందేమో చూశాడు, అదీ సరిగ్గానే ఉంది. ఒక ఉత్తుత్తి పేరు పెట్టి నడిపి చూశాడు. తాజాగా ఆకుపచ్చ, రోజు దాటితే పసుపు. రాసింది రాసినట్టే చేస్తోంది.

రామకోటేశ్వరరావు వచ్చాడు. "చూశావా, ఎంతమంది ఎండు చెరుకు తెస్తున్నారో! నీ రంగుల పుణ్యమా అని బయటపడింది. కోసి తీరిగ్గా తెస్తున్నారయ్యా వీళ్లు."

"ముందు గింతగనం లేకుండె సార్."

"ముందు కనబడలేదు, ఇప్పుడు కనబడుతోంది. అంతే తేడా." ఆయన వాచీ చూసుకున్నాడు. "పైగా ఆ మానిటరు పాతది. పసుపు కాస్త ఎక్కువ కొడుతుందేమో."

ఆయన పోయాక కూడా ఆ మాట గదిలోనే ఉండిపోయింది. ఎక్కువ కొడుతుంది. గోడ కూడా అలాగే కొడుతుంది. సొరుగు మూస్తున్న అతనికి అన్నం వార్చిన గంజి వాసన తగిలింది. ఆ గదిలో గంజి ఎక్కడిది? కిటికీలోంచి మొలాసిస్ మడ్డి వాసన తప్ప మరేదీ వచ్చే దారి లేదు. అతను వెనక్కి తిరిగి చూడలేదు. తిరిగితే అక్కడ ఎవరూ ఉండరని అతనికి తెలుసు. తిరగకపోతే ఉండవచ్చు.

అప్పుడే తెర ఒకసారి తుడుచుకుని మళ్లీ నిండింది. కొత్తగా వచ్చిన వరుసలో, కాంటా వంతు ఇంకా రాని గంగవ్వ పేరు ఎర్రబడింది.

అతను లేచాడు. చెప్పులు సగం తొడుక్కుని, తలుపు తెరిచి వదిలేసి, యార్డు అడ్డంగా కాంటా గది వైపు నడిచాడు. పగలే చూడాలి దీన్ని. గాజు మీద కాదు, దగ్గరికి పోయి చూడాలి.

*

కాంటా గది కిటికీ ముందు మనుషులు గుమిగూడి ఉన్నారు. లోపల లింగం నడుము మీద చెయ్యి వేసుకుని, మహారాజులా తెర వైపు చూస్తున్నాడు. జయరాజ్ గుమ్మం దగ్గరే ఆగాడు.

"ఆశన్నా! నీ పేరుకు పసుపు పెట్టిండ్రే! పెండ్లికొడుకువైనవు, నడువు నడువు లోపటికి," అన్నాడు లింగం. బయట నవ్వులు. ఒక బండి కిర్రుమంటూ కాంటా పలకల మీదికి ఎక్కింది.

"మరి నాది, లింగం? నేను పొద్దటి సంది ఉన్న గదనే," అని ఇంకొక గొంతు.

"నీదింకా హరాగున్నది తమ్మి, ఆకు లెక్క. పచ్చిగున్నది. తొందరవడ్తె ఎట్ల? మా మోర్తాడ్‌ల పసుపు కొమ్ము కూడ ఉడకవెట్టి ఎండవెట్టినంకనే పచ్చగైతది, గప్పుడే మార్కెట్‌కు పోతది. ఆగు. పచ్చగైనంక పంపిస్త."

జయరాజ్ గుమ్మం పట్టుకున్నాడు. ఫోనులో విన్న మాటలు ఒక్కొక్కటే అతని చెవిలో మళ్లీ మోగాయి. పచ్చగా వస్తే లోపలికి. పచ్చగొస్తే లోపటికి. ఇద్దరూ ఒకటే మాట అన్నారు. తను పక్కనే నిలబడి విన్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏముంది? మిల్లు తాజా చెరుకును ఎండలో నిలబెట్టి, రంగు తిరిగేదాకా ఆపి, ఎండినదాన్ని పెళ్లికొడుకులా లోపలికి పిలుస్తోంది. అలా ఎండినందుకు తూకంలో కోత వేస్తోంది.

"లింగం," అన్నాడు.

"రా సారు, రా! నీ రంగులు మస్తున్నయి. కండ్లకు సుఖమైంది, దేవుడు సల్లగ సూడాలె నిన్ను."

ఆ దీవెన జయరాజ్‌కు మింగుడు పడలేదు. లింగాన్ని ఎలా ఆపాలో, ఏ మాటతో చెప్పాలో వెతుక్కుంటుండగానే వెనక నుంచి రామకోటేశ్వరరావు వచ్చాడు. గంగవ్వ ఆయన వెంటబడి, రెండు చేతులూ జోడించి నడుస్తోంది. లింగం ఆమెను వెనక్కి పొమ్మన్నాడట. ఆమె బండి తిప్పకుండా ఆఫీసరు జీపుకు అడ్డం నిలబడిందట.

"కోసిన్నాడే తెచ్చానంటోంది ఈమె. ఏం లింగం, నిజమేనా?"

"నిజమే సారు. గని అప్పుడు పచ్చగ లేకుండె. మీరు జెప్పినట్టే ఆపిన."

"మరెలా ఉంది?"

"హరాగ, సారు. ఆకు రంగుల. గదిగో, గట్ల." లింగం తెర మీద అప్పుడే వచ్చిన ఆకుపచ్చ పేరు చూపించాడు.

రామకోటేశ్వరరావు ఆ పేరు వైపు చూశాడు. లింగం వైపు చూశాడు. ముఖం కందగడ్డ అయింది. "అది పచ్చ కాదా? కళ్లు పోయాయా నీకు? ఎన్ని బళ్లు ఇలా తగలేశావు? రేపటి నుంచి రావద్దు నువ్వు. ఇప్పుడే దిగు ఇక్కణ్ణుంచి."

లింగం చెయ్యి మెల్లగా నడుము మీది నుంచి జారింది.

"సార్, ఒక్క నిమిషం," అన్నాడు జయరాజ్. ఆఫీసరు ముందు ఎప్పుడూ ఎత్తని గొంతు అది, అతనికే కొత్తగా ఉంది. కిటికీ అవతల చాయ్ అమ్మే బాలవ్వ స్టవ్వు దగ్గర కూర్చుని ఉంది. ఆమె పక్కన రెండు ప్లాస్టిక్ బకెట్లున్నాయి, ఒకటి ఆకుపచ్చది, ఒకటి పసుపుది. "బాలవ్వా, ఆ పచ్చ బకీటు జర ఇటు తే."

బాలవ్వ తల కూడా ఎత్తకుండా పసుపు బకెట్టు పట్టుకుని వచ్చింది. "నీళ్లు గావాల్నా సారు?"

"పచ్చది అడిగితే ఇది తెచ్చావేమమ్మా?" అన్నాడు రామకోటేశ్వరరావు.

"పచ్చదే గద సారు ఇది?" బాలవ్వ బకెట్టును ఎత్తి వెలుతురులో చూసింది, తన కళ్ల మీదనే అనుమానం వచ్చినట్టు. "పచ్చజొన్నలు ఏ రంగుంటయి? గీ రంగే. కామెర్లయితె కండ్లు పచ్చగ గావా? గప్పుడు ఆకు లెక్క అయితయా కండ్లు?"

వరుసలో ఎవరో, "మరి పచ్చగడ్డి ఏ రంగుంటదే?" అన్నారు. ఇంకొకరు, "పచ్చజెండో?" అన్నారు. పసుపుదని కొందరు, ఆకుదని కొందరు, ఎడ్ల మీదుగా వాదులాడుకున్నారు. రామకోటేశ్వరరావు నవ్వలేదు. జేబులోంచి రుమాలు తీశాడు గాని ముఖం తుడుచుకోలేదు. చేతిలోనే ఉంచుకున్నాడు.

"మా అమ్మ కూడా," అన్నాడు, ఎవరితోనూ కాకుండా. "మెళ్లో తాడు నానబెట్టి పసుపు పూసుకుని, పచ్చగా ఉందిరా అని చూపించేది." రుమాలు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. "లింగం, కూర్చో. చెప్పింది నేను. సరిగ్గా చెప్పాననే అనుకున్నాను."

లింగం కూర్చోలేదు. తెర వైపు చూస్తూ నిలబడ్డాడు. "సారు," అన్నాడు జయరాజ్‌తో, గొంతు తగ్గించి, "గీ మూడొద్దులు ఆపినోళ్ల పేర్లు గిండ్ల ఉంటయా? ఎవలెవలు?"

ఉండవు. కాంటా అయిన పేరును స్క్రిప్టు తీసేస్తుంది. ఆకుపచ్చగా వచ్చి, పసుపు తిరిగి పోయినవాళ్లెవరూ ఇప్పుడు ఆ తెర మీద లేరు. వాళ్ల బండ్లు ఖాళీగా ఊళ్లకు పోయాయి. కోత పడిన చీటీలు మడిచి రొండిన దోపుకుని, తమ చెరుకే మంచిది కాదనుకుంటూ పోయారు. జయరాజ్ తల అడ్డంగా ఊపి, లింగం భుజం మీద చెయ్యి వేశాడు.

"మరి ఈ అవ్వ బండి సార్?" అన్నాడు ఆఫీసరుతో.

రామకోటేశ్వరరావు బయటికి నడిచి, గంగవ్వ బండి దగ్గర తడి సంచి ఎత్తాడు. ఒక గడ లాగి, మోకాలికి ఆనించి విరిచాడు. తెల్లటి చీలికలో రసం ఊరింది. పైన ఉన్నవి కొంచెం వాడాయి, లోపలివి బాగానే ఉన్నాయి. "గేటు లోపల నిలిచిన కాలం ఎవరి లెక్కలోనూ వేయొద్దు," అన్నాడు గది వైపు తిరిగి. "బండి గేటు దాటిన గడియకే ఆపెయ్. చెయ్యగలవా?"

"చేస్త సార్."

జయరాజ్ లింగం కుర్చీలో కూర్చున్నాడు. మార్చవలసింది ఒక్క వరుస. చెరుకు కోసి ఇప్పటికి ఎంతసేపయిందో కాకుండా, బండి గేటు దాటేసరికి ఎంతసేపయిందో చూడమని రాశాడు. సున్నాలు ఉన్నాయో లేదో, అలవాటు కొద్దీ ఒకసారి సరిచూసుకున్నాడు. నడిపాడు. తెర నల్లబడి మళ్లీ నిండింది. పసుపు పేర్లలో చాలా మటుకు ఆకుపచ్చకు తిరిగాయి. గంగవ్వ పేరు కూడా.

బయట బండి కాంటా ఎక్కింది. ఎడ్లను విప్పి పక్కకు తీశారు. గంగవ్వ మాత్రం బండి దగ్గర నిలబడకుండా, కొంగుతో చేతులు తుడుచుకుంటూ గదిలోకి వచ్చింది.

"నా పేరు ఏడున్నది బిడ్డ? ఒక్కపారి సూపెట్టు. ఎర్రగైందని ఎన్కకు పొమ్మనిరి. ఎట్లుంటదో సూస్త."

లింగం పక్కకు జరిగాడు. జయరాజ్ ఆమె వేలు పట్టుకుని పేరు మీద పెట్టాడు. తడికి నాని ముడతలు పడిన వేలు, చల్లగా ఉంది. గాజు లోపలి వెలుగు గోరు అంచున ఆకుపచ్చగా మెరిసింది. ఆమె వంగి, ఊపిరి బిగబట్టి చూసింది, నూతిలోకి చూసినట్టు.

"గిది నేనేనా?"

"నువ్వే అవ్వ."

లింగం బరువు చూసుకుని మీట నొక్కాడు. కాంటా అయింది. తెర ఒకసారి నల్లబడింది. మళ్లీ నిండినప్పుడు ఆమె వేలి కింద ఇంకెవరిదో పేరుంది.

గంగవ్వ వేలు తీయలేదు. "ఏది బిడ్డ? ఇప్పుడే ఉండె గద. పోయిన్నా నేను?"

ఆ మాట జయరాజ్ ఇంతకుముందు ఒకసారి, ఇంకొకరి నోట, నిజామాబాద్ ఆస్పత్రి వరండాలో విన్నాడు. ఒక నర్సు వచ్చి, "పోయిందన్నా," అని ఆ ఒక్క ముక్క చెప్పి నిలబడింది. ఎటు పోయిందని అతను అడిగాడు, తెలివి తక్కువగా. ఆమె అతని చేతికి మంచినీళ్లు ఇచ్చింది.

కిటికీలోంచి చూశాడు. మళ్లీ ఎడ్లు కట్టిన బండి, ఖాళీ చేయడానికి లోపలి గేటు దాటుతోంది. తడి సంచుల నీళ్లు దారి వెంట చుక్కలుగా రాలుతున్నాయి.

"పోయినవు అవ్వ," అన్నాడు. "అగో, లోపటికి పోయినవు."

గంగవ్వ బోసినోరు తెరిచి నవ్వి, బండి వెనక పరుగులాంటి నడకతో పోయింది.